యాయీరు ఇంటిలో నేర్చుకొను పాఠము

చదువవలసిన భాగము: మార్కు 5:21–24, 35–43

సమాజమందిరపు అధికారియైన యాయీరు కుమార్తెను మన ప్రభువు బ్రదికించిన సంగతి సంఘములో అందరికి తెలిసినదే. ఆ అమ్మాయికి పండ్రెండు సంవత్సరములు. పసిపిల్ల కాదు, పూర్తిగా ఎదిగినదియు కాదు. ఆ వృత్తాంతములోని మూడు సంగతులను మనము తరచుగా గమనింపక దాటిపోవుదుము. ప్రభువు ఏడ్చుచు గోల చేయువారిని వెలుపలికి పంపెను. తల్లిని, తండ్రిని ఇద్దరిని లోపలికి తీసికొనిపోయెను. బిడ్డ లేచి నడిచిన తరువాత ఆమెకు తిండి పెట్టుమని ఇంటివారితో చెప్పెను. మరణమును గెలిచినవాడు ఆ తిండిని కూడ తానే కలుగజేయగలడు గదా! అయినను ఆ పనిని ఇంటివారి చేతికి అప్పగించెను. కాబట్టి రోగియైన బిడ్డకు పరిచర్య చేయుట అవిశ్వాసము కాదు. అది ప్రభువు మనకిచ్చిన పని.

ఈ పాఠమును మన ప్రాంతపు వ్యాధి యొకదానితో కలిపి ధ్యానింతము. భద్రాచలము, దుమ్ముగూడెము, చర్ల అడవి గూడెములలో సికిల్ సెల్ అను రక్తవ్యాధి కలదు. ఆరోగ్యవంతుని ఎఱ్ఱ రక్తకణములు గుండ్రముగా, మెత్తగా నుండును. ఈ వ్యాధి గల బిడ్డ కణములు కొడవలివలె వంగి, గట్టిపడి, సన్నని రక్తనాళములలో చిక్కుకొనును. అప్పుడు కాళ్లు, చేతులు, నడుము, రొమ్ము భరింపరాని నొప్పి పుట్టును. ఆ కణములు త్వరగా నశించుటచేత బిడ్డ పాలిపోవును, కన్నులు పచ్చబడును. పసిబిడ్డలకు చేతులు, పాదములు వాచుట తరచుగా మొదటి గుర్తు. మన దేశములో ఈ వ్యాధిని 1952లో నీలగిరి కొండవాసులలో మొదట గుర్తించిరి. మలేరియా ఎక్కువగా నుండిన అడవి దేశములలోనే ఇది ఎక్కువగా కనబడును.

మొదటిది: నిందను వెలుపలికి పంపుడి. బిడ్డ మాటిమాటికి జబ్బుపడినప్పుడు, కోడలి వంశమువలన వచ్చినదని కొందరు, చేతబడియని కొందరు, ఎవరి పాపమో యని మరికొందరు అందురు. పుట్టు గ్రుడ్డివానిని చూచి శిష్యులును ఇట్లే అడిగిరి. ప్రభువు ఆ తలంపును త్రోసివేసెను (యోహాను 9). ఈ వ్యాధి గుణము తల్లినుండి ఒక పాలు, తండ్రినుండి ఒక పాలు వచ్చును. ఒక్క పాలే యున్నవారు సాధారణముగా ఆరోగ్యముగానే యుందురు, తమలో అది యున్నదని ఎరుగరు. అట్టి ఇద్దరికి కలుగు ప్రతి కాన్పులో వ్యాధి గల బిడ్డ పుట్టుటకు నాలుగింట ఒక పాలు అవకాశము కలదు. కాబట్టి తల్లిని మాత్రమే నిందించుట అన్యాయము, అసత్యము కూడ.

రెండవది: తలిదండ్రులు ఇద్దరును నేర్చుకొనుడి. ఆస్పత్రిలో డాక్టరుగారు, నర్సమ్మగారు చెప్పు మాటలను తల్లి ఒక్కతే వినిన చాలదు. ఆమె మిరప కోతకు పోయిన దినమున బిడ్డకు జ్వరము వచ్చిన, తండ్రికి ఏమి తెలియును? ఈ గుర్తులను ఇంటిలో అందరును కంఠపాఠము చేయవలెను: 101 డిగ్రీలు దాటిన జ్వరము, రొమ్ము నొప్పితో ఆయాసము, హఠాత్తుగా పాలిపోయి ఎడమ డొక్క క్రింద ప్లీహము ఉబ్బుట, మూతి వంకర పోవుట, కాలు చేయి పట్టు తప్పుట, మాట తడబడుట. వీటిలో ఏ ఒక్కటి కనబడినను తెల్లవారు వరకు ఆగవద్దు. వెంటనే ఆస్పత్రికి చేర్చుడి. దారిలోను ప్రార్థన చేయవచ్చును.

మూడవది: తిండి పెట్టుడి. దినదినము చేయు చిన్న పనులే ఈ బిడ్డను కాపాడును. నీళ్లు తరచుగా త్రాగింపవలెను. తునికాకు కోయు ఎండలలో బిడ్డను వెంట త్రిప్పరాదు. పుష్యమాసపు చలిలో, వాన ముసురులో వెచ్చగా కప్పవలెను. నొప్పి వచ్చిన వెచ్చని కాపడము పెట్టవలెను, చన్నీళ్లు, మంచుగడ్డ వాడరాదు, వాతలు పెట్టరాదు. ఈ బిడ్డల మూత్రపిండములు నీటిని నిలుపలేవు గనుక రాత్రి పక్క తడుపుదురు. అందుకు కొట్టుటయు, నీళ్లు మాన్పించుటయు తగదు. దోమతెర తప్పక కట్టవలెను, మలేరియా వీరికి మిక్కిలి అపాయకరము. పసివారికి డాక్టరుగారిచ్చిన పెనిసిలిన్, టీకాలు మానరాదు. హైడ్రాక్సీయూరియా మాత్ర నొప్పులను తగ్గించును. అయితే క్రమముగా రక్తపరీక్ష చేయించుకొనుచు వాడవలెను. డాక్టరుగారు చెప్పనిదే ఇనుప మాత్రలు ఇయ్యరాదు.

యాయీరు కుమార్తె ఈడు పిల్లలను గూర్చి ఒక మాట. ఈ వ్యాధి గల పిల్లలు తోటివారికంటె ఆలస్యముగా ఎదుగుదురు. ఎగతాళి చేయకుడి. మగపిల్లలకు మర్మాంగము బిగిసి విడువని నొప్పి వచ్చుట కలదు. సిగ్గుచేత దాచిన హాని కలుగును. తండ్రి ముందుగానే మెల్లగా చెప్పి, అట్లయిన ఆస్పత్రికి తీసికొనిపోవలెను. ఆశ్రమ పాఠశాలకు పంపునప్పుడు వార్డెనుగారికి వ్యాధి సంగతి తెలిపి, నీళ్లు త్రాగుటకు, బయటికి పోవుటకు అడ్డు చెప్పవద్దని మనవి చేయుడి. బిడ్డకు తన మందులను తానే గుర్తుంచుకొనుట నేర్పుడి. ఎల్లకాలము మనము ప్రక్కన నుండము.

సంఘము చేయదగిన పనియు కలదు. 2047 నాటికి ఈ వ్యాధిని ప్రజారోగ్య సమస్యగా లేకుండ చేయుటకై 2023 జూలై 1న మన దేశములో జాతీయ కార్యక్రమము ఆరంభమయ్యెను. ఊరికి రక్తపరీక్షలకు వచ్చినప్పుడు ఉపదేశిగారు, స్త్రీల సమాజమువారు ముందుగా నిలిచి ఇతరులను తోడుకొనిపోవలెను. పెండ్లి కుదుర్చునప్పుడు, విశేషముగా మేనరికములలో, కట్నముల మాటకంటె ముందు ఇద్దరి రక్తపరీక్ష జరుగనిండు.

ఆలోచించుటకు:
1. మన సంఘములో తరచు నొప్పితో బాధపడు బిడ్డ ఎవరు? పరీక్ష జరిగినదా?
2. ఆ ఇంటిలో అపాయపు గుర్తులు తండ్రికి తెలియునా?
3. రాత్రివేళ ఆస్పత్రికి చేర్చుటకు ఏ ఇంటివారు బండి ఇయ్యగలరు?

ఈ మూడవ ప్రశ్నకు వచ్చు ఆదివారము ఆరాధన ముగియకముందే ఒక పేరు వ్రాసికొనుడి. ఆ పేరు గల ఇల్లు ఆ రోగియైన బిడ్డకు యాయీరు ఇంటివలె నుండును.