రోహిణి కార్తెలో పామాయిల్ మట్ట

దెందులూరు

అమ్మాయీ,

డ్రిప్పు రోజూ ఆడుతోంది, చెట్టు మొదట్లో మట్టి చెమ్మగానే ఉంది, అయినా ఎండాకాలం మధ్యాహ్నం పామాయిల్ ఆకుల్లో పత్రరంధ్రాలు ఎందుకు మూసుకుంటాయని అడిగావు. ‘నీరు తగ్గితే మూసుకుంటాయి’ అని మీ పుస్తకం ఒక్క ముక్కతో దులిపేసుకుంది. మట్టినే కాదు, గాలినీ చూడాలి.

ఈ చెట్టు పుట్టిల్లు పశ్చిమాఫ్రికా తేమ నేలలు. మన వడగాలి ఆకులో నీటిని లాగేసినంత వేగంగా వేళ్లు అందించలేవు. పూలు పూసే మొక్కల్లో ఇలా ఆకు బిగువు సడలితే, నిమిషాల్లోనే ఆకులో అబ్సిసిక్ ఆమ్లం పెరుగుతుంది. రంధ్రాన్ని మూయించే హార్మోను ఇదే. వేళ్లు ఎండిపోయేదాకా ఆకు ఆగదన్నమాట.

రంధ్రానికి అటొకటి ఇటొకటి రక్షక కణాలుంటాయి. పొద్దున వెలుగు సోకగానే అవి ప్రోటాన్లను బయటికి నెట్టి పొటాషియాన్ని లోపలికి తీసుకుంటాయి. దాని వెంట నీరు చేరి, కణాలు ఉబ్బి విల్లులా వంగితే మధ్యలో సందు ఏర్పడుతుంది. అబ్సిసిక్ ఆమ్లం రాగానే కథ తిరగబడుతుంది. దాన్ని పట్టుకునే గ్రాహక ప్రోటీన్లు 2009లో బయటపడ్డాయి. హార్మోను వాటికి అతుక్కుంటే, రంధ్రం మూతపడకుండా ఆపుతున్న ఫాస్ఫటేజ్ ఎంజైముల నోరు మూతపడుతుంది. ముందు క్లోరైడు వంటి రుణ అయాన్లు, తర్వాత పొటాషియం, వెనకే నీరు బయటికి పోతాయి. కణాలు చప్పబడి సందు మూసుకుంటుంది.

ఫ్లాకా అనే టమాటా రకంలో ఈ హార్మోను సరిగా తయారుకాదు. తడి పెట్టినా వాడిపోతుంది. హార్మోను పిచికారీ చేస్తే తేరుకుంటుంది. మిగతా హార్మోన్లలో సైటోకైనిన్లు సాధారణంగా తెరిచే వైపు ఉంటాయి. ఇథిలీన్ సంగతి చిక్కుముడి, ఇప్పటికి వదిలెయ్.

నీరు మిగిలితే సంతోషమే గానీ, అదే సందులోంచి రావలసిన కార్బన్ డయాక్సైడ్ కూడా ఆగిపోతుంది. ఎద్దడి ఎక్కువకాలం సాగితే పామాయిల్‌కు మగ గెలలు పెరుగుతాయి. పెదవేగిలో 1995 నుంచి ఉన్న ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థకు ఒకసారి వెళ్లిరా.

రంధ్రాల తీరు కళ్లారా చూసే దారీ ఉంది. గట్ల మీద నీలం పూలు పూసే వెన్నదేవిని కలుపని పీకేస్తాం. తిరుపతి వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో వి.ఎస్. రామదాస్, ఎ.ఎస్. రాఘవేంద్ర వంటివారు 1976లో దాని ఆకు పొర మీదే, రంధ్రం తెరుచుకోవడానికి పొటాషియం బదులు సోడియం పనికొస్తుందా అని పరీక్షించారు. నువ్వూ ఆ ఆకు విరిచి అడుగు పొర లాగు. పల్చటి పొటాషియం క్లోరైడ్ నీళ్లలో, వెలుగులో రెండు మూడు గంటలుంచి మైక్రోస్కోపు కింద చూడు. తర్వాత మీ లెక్చరర్‌గారిని అడిగి అతి కొద్దిగా అబ్సిసిక్ ఆమ్లం కలిపి మళ్లీ చూడు. అడగడానికి మొహమాటపడకు.

ఆశీస్సులతో,
తాతయ్య