చిన్న ప్రశ్నతోనే మంచి థీసిస్

అంతర్జాతీయ సంబంధాలు, గ్లోబల్ స్టడీస్ చదివే డిగ్రీ విద్యార్థులకు నాలుగో ఏడాది పరిశోధన గొప్ప అవకాశం. ఆధారాలు వెతికి, తూకం వేసి, సొంతంగా ఒక నిర్ణయానికి రావడం అక్కడే అలవడుతుంది. అందుకే అంశం ఎంపికలో తొందర వద్దు.

ఎవరు అర్హులు?

2022 డిసెంబరులో యూజీసీ ఇచ్చిన క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ ప్రకారం మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం, ఆపైన మార్కులున్నవారు ‘ఆనర్స్ విత్ రిసెర్చ్’ ఎంచుకోవచ్చు. మొత్తం 160 క్రెడిట్లలో 12 డిసర్టేషన్‌వే. మీ కాలేజీలో ఈ అవకాశం ఉందో లేదో ముందే కనుక్కోండి.

అంశం ఎలా?

‘భారత్-గల్ఫ్ సంబంధాలు’ అంటే ఏడాదిలో తేలేది కాదు. దాన్ని కుదించండి. ఉదాహరణకు, కార్మికుడు ఉద్యోగం మారాలంటే యజమాని నిరభ్యంతర పత్రం (ఎన్‌ఓసీ) ఉండాలన్న నిబంధనను ఖతార్ 2020లో తొలగించింది. ఈ మార్పు నిజామాబాద్ జిల్లా నుంచి వెళ్లిన భవన నిర్మాణ కార్మికులకు ఎంతవరకు ఉపయోగపడింది? ఇలా అడిగితే ఎవరిని కలవాలో, ఏం చదవాలో తెలుస్తుంది. తిరిగొచ్చినవారితో వాళ్ల ఊళ్లోనే, తెలుగులోనే మాట్లాడొచ్చు. బయటి పరిశోధకులకు అంత తేలిగ్గా దొరకని వీలు ఇది.

ఆధారాలు ఎక్కడ?

ఇలాంటి అంశానికి 1983 ఎమిగ్రేషన్ చట్టం, పార్లమెంటులో విదేశాంగ శాఖ ఇచ్చిన జవాబులు, అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్‌ఓ) నివేదికలు చదవండి. చరిత్రకు సంబంధించిన అంశమైతే నేషనల్ ఆర్కైవ్స్ పోర్టల్ ‘అభిలేఖ్ పటల్’, ఐక్యరాజ్యసమితి డిజిటల్ లైబ్రరీ ఉపయోగపడతాయి.

ఇంటర్వ్యూకు ముందు ఎందుకు అడుగుతున్నారో వివరించి సమ్మతి తీసుకోండి. అసలు పేర్లు రాయొద్దు. అప్పులు, వేధింపుల గురించి చెప్పుకొనేవారికి మీ రాతవల్ల ఇబ్బంది రాకూడదు. కొద్దిమంది చెప్పింది జిల్లా కార్మికులందరి అనుభవమని తేల్చేయొద్దు.

ఎప్పుడు మొదలుపెట్టాలి?

ఆరో సెమిస్టర్‌లోనే గైడ్‌ను కలిసి ఒక పేజీ ప్రతిపాదన చూపించండి. మీ చిత్తుప్రతులు ఓపిగ్గా చదివే అధ్యాపకుడే మంచి గైడ్. ఏడో సెమిస్టర్ పూర్తయ్యేసరికి సమాచార సేకరణ ముగిస్తే ఎనిమిదోది రాయడానికీ, తిరగరాయడానికీ మిగులుతుంది.

తర్వాత?

2022 యూజీసీ నిబంధనల ప్రకారం నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం ఉంటే నేరుగా పీహెచ్‌డీ ప్రవేశాలకు పోటీపడొచ్చు. విదేశీ పీజీ దరఖాస్తుల్లో రచనా నమూనా అడిగితే థీసిస్‌లోని ఒక అధ్యాయం పంపొచ్చు. విధాన పరిశోధన సంస్థలు, స్వచ్ఛంద సంస్థలు, మీడియాలో ఉద్యోగాలకూ ఈ అనుభవం పనికొస్తుంది. ఈ వారమే మూడు ప్రశ్నలు రాసుకుని, మీకు అందుబాటులో ఉన్న ఆధారాలతో దేనికి జవాబు దొరుకుతుందో పరీక్షించండి.