పార్లమెంటు గోడలను తినేసిన పొగ: ఒక డోలమైట్ రాయి కథ

1834 అక్టోబరు 16 రాత్రి జరిగిన అగ్నిప్రమాదంలో లండన్‌లోని బ్రిటిష్ పార్లమెంటు భవనం చాలావరకు కాలిపోయింది. కొత్త భవనం వందల ఏళ్లు నిలవాలి. అందుకు తగిన రాయిని వెతకడానికి ప్రభుత్వం ఒక బృందాన్ని నియమించింది. అందులో వాస్తుశిల్పి చార్లెస్ బారీ, భూగర్భ శాస్త్రవేత్తలు హెన్రీ డి లా బీచ్, విలియం స్మిత్, రాతిపనిలో ఆరితేరిన చార్లెస్ హెచ్. స్మిత్ ఉన్నారు. వారు దేశంలోని క్వారీలను, పాత కట్టడాలను చూశారు. రాతి నమూనాలకు లండన్‌లోని కింగ్స్ కాలేజీలో పరీక్షలు జరిపించారు. 1839లో నివేదిక ఇచ్చారు. వారు మెచ్చిన రాళ్లలో ముందు నిలిచింది డోలమైట్.

డోలమైట్ అంటే ఏమిటి?

మామూలు సున్నపురాయిలో ప్రధానంగా ఉండేది కాల్షియం కార్బొనేట్. డోలమైట్‌లో కాల్షియంతో పాటు మెగ్నీషియం కూడా ఉంటుంది. సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేస్తే సున్నపురాయి బుసబుస పొంగుతుంది. డోలమైట్ మాత్రం నెమ్మదిగా స్పందిస్తుంది. తెలుగు నేలపై ఇది ఉక్కు తయారీకి పనికొచ్చే ఖనిజంగానే ఎక్కువ పరిచితం. విశాఖ ఉక్కు కర్మాగారానికి ఖమ్మం జిల్లా మాదారంలో సొంత డోలమైట్ గని ఉంది.

ఇంగ్లండులో నాటింగ్‌హామ్ ప్రాంతం నుంచి ఉత్తరాన డరమ్ తీరం దాకా ఈ రాయి సన్నని పట్టీలా పరచుకుంది. దీన్ని అక్కడ ‘మెగ్నీషియన్ లైమ్‌స్టోన్’ అంటారు. సుమారు 25 కోట్ల ఏళ్ల క్రితం నాటి సముద్రంలో ఇది ఏర్పడింది. యార్క్ నగరంలోని పెద్ద చర్చి యార్క్ మిన్‌స్టర్‌ను కట్టింది ఈ రాతితోనే. 12వ శతాబ్దపు సౌత్‌వెల్ మిన్‌స్టర్ గోడలపై చెక్కడాలు ఇంకా పదునుగా ఉండటం బృందాన్ని బాగా ఆకట్టుకుంది.

వారు మొదట బోల్సోవర్ మూర్ క్వారీ రాయిని సూచించారు. కానీ అక్కడ తగినంత పెద్ద దిమ్మెలు దొరకలేదు. చివరికి యార్క్‌షైర్‌లోని ఆన్‌స్టన్ క్వారీల నుంచి అదే జాతి రాయిని తెప్పించారు. 1840లో శంకుస్థాపన జరిగింది. 1849 నాటికే, నిర్మాణం సాగుతుండగానే, రాయి పాడవుతున్న గుర్తులు కనిపించాయి.

పొగ చేసిన పని

సౌత్‌వెల్ చిన్న పట్టణం. అక్కడి గాలి శుభ్రంగా ఉండేది. లండన్‌లో మాత్రం ఇళ్లలోనూ కర్మాగారాల్లోనూ బొగ్గే కాల్చేవారు. బొగ్గులోని గంధకం మండితే సల్ఫర్ డయాక్సైడ్ వాయువు వస్తుంది. అది గాలిలోని ఆక్సిజన్‌తో, తేమతో కలిసి గంధకామ్లంగా మారుతుంది. ఆ ఆమ్లం డోలమైట్‌తో కలిసినప్పుడు రెండు లవణాలు పుడతాయి. ఒకటి జిప్సం. రెండోది మెగ్నీషియం సల్ఫేట్, అంటే మందుల దుకాణాల్లో దొరికే భేదిఉప్పు.

అసలు చిక్కు ఈ రెండోదానితోనే. మామూలు ఉష్ణోగ్రత వద్ద లీటరు నీటిలో జిప్సం 2 గ్రాములకు కాస్త ఎక్కువగా మాత్రమే కరుగుతుంది. మెగ్నీషియం సల్ఫేట్ 300 గ్రాములకు పైగా కరుగుతుంది. అందువల్ల అది తేమతో పాటు రాతి రంధ్రాల్లోకి సులువుగా ఇంకుతుంది. గోడ ఆరినప్పుడు లోపలే స్ఫటికాలుగా గట్టిపడి, రంధ్రాల గోడలను నెడుతుంది. తడవడం, ఆరడం ఇలా పదేపదే జరిగితే రాయి పైపొర ఉబ్బి పెచ్చులుగా ఊడిపోతుంది. వాన కడగని చోట్ల, అంటే గోడ అంచుల కింద, లవణం పేరుకుపోయి నష్టం ఇంకా ఎక్కువవుతుంది.

తప్పంతా పొగదే కాదు. క్వారీలో మంచి పొరలతో పాటు నాసిరకం పొరలూ ఉంటాయి. పార్లమెంటుకు పంపే రాళ్లను అక్కడే ఏరడానికి తగిన పర్యవేక్షణ లేకపోయింది. లండన్‌లోనే జెర్మిన్ వీధిలో కట్టిన భూగర్భశాస్త్ర మ్యూజియానికీ ఆన్‌స్టన్ రాయినే వాడారు. అక్కడ రాళ్లను జాగ్రత్తగా ఎంచడంతో అవి చాలా మెరుగ్గా నిలిచాయి.

1928లో పాడైన రాళ్ల స్థానంలో క్లిప్‌షామ్ అనే మరో సున్నపురాయిని వాడాలని నిర్ణయించారు. 1930లలో మొదలైన ఆ పని యుద్ధం వల్ల ఆగి, 1950లలో పూర్తయింది.

బృందం రాతిని పరీక్షించింది, పాత కట్టడాలను గమనించింది. కానీ ఆ కట్టడాలు పీల్చిన గాలి వేరు, కొత్త భవనం పీల్చబోయే గాలి వేరు. రాయి ఎంతకాలం నిలుస్తుందో తేలాలంటే దానిలో ఏముందో చూస్తే చాలదు. అది నిలబడే చోట గాలిలో ఏముందో కూడా చూడాలి.