కాపలాదారు ఒకడు, గుమాస్తా ఒకడు

65,536 తలుపులున్న భవనాన్ని మీరెప్పుడైనా చూశారా? “అంత పెద్ద కోట ఎక్కడుంది?” అంటారేమో! కోట కాదు, మీ పాఠశాలలోని కంప్యూటరే. నెట్‌వర్కులో చేరిన కంప్యూటరుకు 0 నుంచి 65,535 వరకు అంకెలు వేసిన ద్వారాలుంటాయి. వీటిని పోర్టులంటారు. పోర్టు సంఖ్యను 16 బిట్లలో రాస్తారు. పదహారు 2లను వరుసగా గుణించి చూడండి, ఆ లెక్క మీకే తేలుతుంది.

వెబ్ పేజీలు పంపే కంప్యూటరు సాధారణంగా 80, 443 ద్వారాల దగ్గర జవాబిస్తుంది. ఎక్కడో దూరాన ఉన్న కంప్యూటరును ఇక్కడి నుంచి నడపాలంటే 22వ ద్వారం గుండా వెళతాం. మరి పిలవని వాళ్ళు వస్తే ఆపేదెవరు?

1991లో ఫిన్లాండు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్స్ సంగతి చూద్దాం. దాని గుండెకాయ పేరు కెర్నెల్. 2001లో వచ్చిన 2.4 కెర్నెల్‌తో నెట్‌ఫిల్టర్ అనే కాపలాదారు అందులో చేరాడు. వచ్చే పోయే ప్రతి ప్యాకెట్టునూ అతడే పరీక్షిస్తాడు. అయితే అతడికి ఆజ్ఞలు రాసివ్వడం కొంచెం చిక్కు పని. ఆ పనికి ఒక గుమాస్తా కావాలి. 2008లో ఉబుంటు 8.04తో వచ్చిన ‘యూఎఫ్‌డబ్ల్యూ’ అటువంటి గుమాస్తాయే. కాపలా కాసేది గుమాస్తా కాదు. ఈ సంగతి గుర్తుంచుకోండి.

గుమాస్తాను చేర్చుకోవడానికి ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ యూఎఫ్‌డబ్ల్యూ’ అనే ఆజ్ఞ చాలు. (టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాలే వాడాలి.) చేర్చుకున్నాం కదా అని నిశ్చింతగా ఉండకూడదు. ‘యూఎఫ్‌డబ్ల్యూ ఎనేబుల్’ అనేదాకా అతడు కలం పట్టడు! పట్టాక బయటి నుంచి కొత్తగా వచ్చేవాటిని ఆపమనీ, లోపలి నుంచి వెళ్ళేవాటిని, వాటికి వచ్చే జవాబులను పోనిమ్మనీ రాస్తాడు.

ఇక్కడే ఒక ప్రమాదం ఉంది. దూరాన ఉన్న కంప్యూటరులో ఈ పని చేస్తున్నారనుకోండి. 22వ ద్వారాన్ని అనుమతించకుండా ఎనేబుల్ అంటే, ఒకసారి బయటికి వచ్చాక మళ్ళీ లోపలికి పోలేరు. తాళంచెవి ఇంట్లో మరచి తలుపు వేసుకున్నట్లే! అందుకే ముందు ‘యూఎఫ్‌డబ్ల్యూ అలౌ 22’ అనాలి, ఆ తరువాతే ఎనేబుల్.

తీసివేయడానికీ ఒక వరుస ఉంది. గుమాస్తా వెళ్ళిపోయినా కాపలాదారు కెర్నెల్‌లోనే ఉంటాడు. అందుచేత ముందు ‘యూఎఫ్‌డబ్ల్యూ డిసేబుల్’ అని, రాసిన ఆజ్ఞలను రద్దు చేయించాలి. తరువాత ‘ఆప్ట్ రిమూవ్’ అంటే ప్రోగ్రాము పోతుంది, దాని అమరికల ఫైళ్ళు మాత్రం ఉండిపోతాయి. అవి కూడా పోవాలంటే ‘ఆప్ట్ పర్జ్’ అనాలి. ఒకటి మరువకండి: వేరే ఏర్పాటు లేకపోతే, ఆజ్ఞలు లేని కాపలాదారు అందరినీ లోపలికి వదులుతాడు.

ఉపాధ్యాయుల అనుమతితో, ముఖ్యమైన పనులకు వాడని కంప్యూటరు మీద ఇవన్నీ చేసి చూడండి. ప్రతి మెట్టు దగ్గరా ‘సుడో యూఎఫ్‌డబ్ల్యూ స్టేటస్’ అని అడిగి, వచ్చిన జవాబును నోటుపుస్తకంలో రాసుకోండి.

ఇప్పుడొక ప్రశ్న: కరెంటు పోతే కెర్నెల్ తన ఆజ్ఞలన్నీ మరచిపోతుంది. అయినా ఎనేబుల్ చేసిన కంప్యూటరు తిరిగి మొదలయ్యాక కాపలా యథాప్రకారం సాగుతుంది. ఎలాగో చెప్పగలరా? గుమాస్తా ఫైళ్ళను తలచుకోండి!