నడుము డిస్క్ దెబ్బ – మళ్లీ మైదానంలోకి

నా పూర్వ విద్యార్థి ఒకడు, ఇరవై రెండేళ్లవాడు. వాలీబాల్ బాగా ఆడతాడు. పగలు బియ్యం మిల్లులో బస్తాలు మోస్తాడు. డిస్క్ దెబ్బతిని మూడు వారాలు బాధపడ్డాక ఇంటికొచ్చి, "సార్, నొప్పి పోయింది. ఆదివారం పోటీ ఉంది. ఆడొచ్చా?" అని అడిగాడు. నేను డాక్టరును కాను. అందుకే వాణ్ణి వెంటబెట్టుకుని ఎముకల డాక్టరు దగ్గరికి, ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లాను. అక్కడ తెలుసుకున్నది, తర్వాత చదివి గ్రహించినది ఇక్కడ రాస్తున్నాను.

నడుములో అయిదు వెన్నుపూసలుంటాయి. వాటి మధ్య దిండ్లలాంటివే డిస్క్‌లు. పైన గట్టి పీచు పొరలు, లోపల జెల్లీలాంటి పదార్థం. 'డిస్క్ జారింది' అంటాం గానీ అది ఎక్కడికీ జారదు. పీచు పొర చిట్లి, లోపలిది బయటికి పొడుచుకొచ్చి నరాన్ని నొక్కుతుంది. అందుకే దెబ్బ నడుముకు తగిలితే నొప్పి పిక్క దాకా లాగుతుంది. మావాడికి పుత్తూరు కట్టు కట్టిద్దామన్నవారూ ఉన్నారు. అది విరిగిన ఎముకకు పేరుపడ్డ వైద్యం, డిస్క్‌కు కాదు.

చాలామందికి ఆపరేషన్ అవసరం రాదు. ఆరు నుంచి పన్నెండు వారాల్లో నొప్పి చాలావరకు తగ్గుతుంది. రోజుల తరబడి మంచం మీద ఉండిపోతే మేలుకంటే కీడే ఎక్కువ. అయితే మూత్రం ఆగిపోయినా, తొడల మధ్య మొద్దుబారినా, పాదం లేవకపోయినా ఆ రోజే పెద్దాసుపత్రికి పోవాలి.

చిక్కు వచ్చేది నొప్పి తగ్గాకే. నొప్పి పోవడం వేరు, డిస్క్ మానడం వేరు. డిస్క్‌కు రక్త ప్రసరణ చాలా తక్కువ కాబట్టి చర్మం మీది గాయంలా అది త్వరగా మానదు. ఈలోగా నడుము కండరాలు కూడా బలహీనపడి ఉంటాయి. గోల్ఫ్ మన పిల్లలు ఆడే ఆట కాకపోయినా టైగర్ వుడ్స్ సంగతి చెప్పుకోదగినది. 2014 మార్చి 31న నడుముకు ఆపరేషన్ జరిగితే, మూడు నెలలు నిండకముందే జూన్‌లో పోటీకి దిగాడు. ఆగస్టులో నొప్పితో ఒక పోటీ మధ్యలోనే తప్పుకున్నాడు. 2015లో మరో రెండు ఆపరేషన్లు, 2017 ఏప్రిల్‌లో పూసలను కలిపేసే ఆపరేషన్ జరిగాయి. ఈసారి నవంబరు చివరి దాకా ఆగాడు. 2019 ఏప్రిల్‌లో మాస్టర్స్ గెలిచాడు. అన్నిటికీ తొందరపాటే కారణమని తేల్చలేను గానీ, ఈ తేదీలు మావాడికి చూపించాను.

ఫిజియోథెరపిస్టు వాడికి మెట్లు కట్టి ఇచ్చారు. మొదట చదును నేల మీద నడక. తర్వాత పొట్ట, నడుము, పిరుదుల కండరాలకు వ్యాయామం. ఆపైన మెల్లని పరుగు, రెండు కాళ్ల మీద గెంతు, ఒంటికాలి మీద గెంతు. వెనక్కి విల్లులా వంగి, మెలితిరిగి, గాల్లోంచి దిగే స్మాష్ అన్నిటికంటే చివర. ఒక మెట్టు ఎక్కిన మర్నాడు కాల్లో నొప్పి తిరిగొస్తే ఒక మెట్టు దిగాలి. పిక్కలోని నొప్పి తొడకు, తొడ నుంచి నడుముకు వెనక్కి తగ్గుతుంటే, నడుము కాస్త సలిపినా అది మంచి గుర్తే. రాత్రి పడుకున్నప్పుడు డిస్క్ నీటిని పీల్చుకుని ఉబ్బుతుంది. కాబట్టి లేచిన మొదటి గంటలో వంగి బరువులెత్తకూడదు.

మిల్లులో పని మొదలయ్యేది సరిగ్గా ఆ గంటలోనే. ఆట మానుకోమంటే వాడు మానుకున్నాడు గానీ, బస్తా మానితే ఇల్లు గడవదు. ఆపరేషన్ అంటే వీధంతా చందాలు వేసుకుంటాం. మూడు నెలల కూలి, వారానికి రెండుసార్లు ఆటో ఛార్జీలు, ఫిజియోథెరపీ ఫీజు ఇవ్వాలన్న ఆలోచన, నాతో సహా, ఎవరికీ ముందుగా రాలేదు. చివరికి మేమిద్దరు ముగ్గురు ఉపాధ్యాయులం సర్దాం. మిల్లులోనూ కొన్నాళ్లు వాడికి లెక్క రాసే పని ఇచ్చారు.

అయిదో నెలలో వాడు మైదానంలోకి దిగాడు. ప్రస్తుతానికి నెట్ దగ్గర నిలబడి ఇతరులకు బంతి లేపి ఇస్తున్నాడు. స్మాష్‌కు ఇంకా అనుమతి రాలేదు. ప్రతి ఆదివారం అడుగుతూనే ఉన్నాడు.