పాత సానయంత్రమును బాగుచేసుకొనుట

పనిమీద హైదరాబాదులో అమీర్‌పేట, పంజాగుట్టల వైపు వెళ్లినపుడు, దాపుననున్న సనత్‌నగర్ పారిశ్రామికవాడలో పాత బెంచి గ్రైండరు చౌకగా దొరికినచో విడువనక్కరలేదు. దాని పోత ఇనుప దిమ్మ, ఇరుసు చిరకాలము నిలుచును. కొడవళ్లకు, గొడ్డళ్లకు పదును పెట్టుటకు అది చాలును. కాని పాత చక్రమును నమ్మరాదు. పగులుబారిన చక్రము తిరుగుచు పేలినచో ప్రాణాపాయము.

మొదట యంత్రముపై పేరు పలకను చదువుడు. 110 వోల్టులని ఉన్నచో మన 230 వోల్టుల కరెంటుకు నేరుగా తగిలింపరాదు. ప్లగ్గు తీసిన పిదపనే యంత్రమును విప్పవలెను. పెళుసెక్కిన తీగను, గరగరలాడు బేరింగులను మార్చి, ఎర్తు తప్పక కలుపవలెను. ఎడమవైపు నట్టుకు మర ఎదురుగా ఉండును. గడియారపు ముల్లు తిరుగు దిక్కున త్రిప్పిన ఊడును.

కుండ కొనునపుడు తట్టి చూచునట్లే కొత్త చక్రమును వ్రేలికి తగిలించి కొయ్యపిడితో మెల్లగా తట్టుడు. ఖంగున మ్రోగిన మంచిది. బీటలు వారిన కుండవలె పలికిన పారవేయుడు. చక్రముపై వ్రాసిన వేగము మోటారు వేగముకంటె తక్కువ కారాదు. నిమిషమునకు 2,850 చుట్లు తిరుగు మోటారుపై 150 మిల్లీమీటర్ల చక్రపు అంచు సెకనుకు సుమారు 22 మీటర్లు పరుగిడును.

ఇరుప్రక్కల అట్టబిళ్ళలుంచి చక్రమును బిగింపుడు. పనిముట్టును ఆనించు పలకకు, చక్రమునకు నడుమ సందు 3 మిల్లీమీటర్లు మించరాదు. కవచము బిగించి, ప్రక్కకు తొలగి, ఒక నిమిషము వట్టిగా త్రిప్పి చూడుడు.

కంటి అద్దాలు లేకయు, వ్రేలాడు కండువాతోను పనిచేయరాదు. అంచు నీలమెక్కినచో ఉక్కు బిగువు పోవును. మాటిమాటికి నీట ముంచుడు. గ్రామోద్యోగులు ఈ తట్టి చూచు పరీక్షను పదిమందికి చూపవలెను.