ఆకాశమునుండి వెదకు కన్నులు



విమానమనగానే దానిని నడపు పైలట్ మన మనస్సున మెదలును. కాని తప్పిపోయినవారిని వెదకుటకై ఎగురు విమానమునకు పైలట్ ఒక్కడు చాలడు. అతని చూపు ముందున్న ఆకాశముమీదను, ఎత్తును వేగమును తెలుపు ముల్లులమీదను నిలిచియుండవలెను. క్రిందనున్న నేలను పరిశీలించుట వేరొకరి పని. ఆ వేరొకరిని గూర్చియు, వారి నేర్పు తరిగిపోకుండ కాపాడు విధమును గూర్చియు ఈ పాఠమున తెలిసికొందము.

నల్లమల, బంగాళాఖాతము

2009 సెప్టెంబరు 2వ తేదీ ఉదయమున నాటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి శ్రీ వై.యస్. రాజశేఖరరెడ్డిగారు బేగంపేటనుండి చిత్తూరు జిల్లాకు హెలికాప్టరులో బయలుదేరిరి. వారితో మరి నలుగురుండిరి. గంట గడువకమున్నే హెలికాప్టరుతో సంబంధము తెగిపోయెను. నల్లమలపై దట్టముగా మబ్బులు క్రమ్మి వర్షము కురియుచుండెను. వాయుసేన హెలికాప్టర్లు వెదకెను. వేడిని పసిగట్టు పరికరములుగల సుఖోయ్ విమానము వెదకెను. పోలీసులును అటవీ సిబ్బందియు కాలినడకన వెదకిరి. మరునాటి ఉదయమున వాయుసేన హెలికాప్టరులోనివారు పావురాలగుట్టపై శకలములను కనుగొనిరి. ఐదుగురును మరణించియుండిరి.

2016 జూలై 22వ తేదీన చెన్నైనుండి అండమానుకు పోవుచున్న వాయుసేన విమానము బంగాళాఖాతముపై అదృశ్యమయ్యెను. అందున్న 29 మందిలో 8 మంది విశాఖపట్టణపు నౌకాదళ ఆయుధాగార ఉద్యోగులు. నౌకలును విమానములును ఎంత గాలించినను జాడ దొరకలేదు. 2024 జనవరిలో చెన్నై తీరమునకు సుమారు 310 కిలోమీటర్ల దూరమున, 3,400 మీటర్ల లోతున, శకలములు గుర్తింపబడెను. ఏడేండ్లకు పైగా ఆ యిండ్లవారు దేనిని నమ్మవలెనో తెలియక యుండిరి. వెదకువారి కన్నులకై ఎదురుచూచువారు గాయపడినవారు మాత్రమే కారు, ఇంటివద్దనున్నవారును అని దీనివలన గ్రహింపుడు.

స్వచ్ఛంద దళములు

మన దేశమున ఈ కార్యమును ముఖ్యముగా వాయుసేన, నౌకాదళము, తీరరక్షక దళము నిర్వహించుచున్నవి. కొన్ని దేశములలో సామాన్య పౌరులును ఇందు పాల్గొందురు. అమెరికాలో 1941 డిసెంబరు 1వ తేదీన సివిల్ ఎయిర్ పెట్రోల్ అను సంస్థ ఏర్పడెను. దానికి 500కు పైగా చిన్న విమానములు కలవు. కెనడాలో 1986లో ఇట్టి స్వచ్ఛంద సంస్థ నెలకొల్పబడెను. వీరిలో అనేకులు వేరు వృత్తులలో నుండి, తీరిక వేళల శిక్షణ పొంది, పిలుపు వచ్చినపుడు బయలుదేరువారు.

చిన్న విమానమున సాధారణముగా ముగ్గురు కూర్చుందురు. పైలట్ ప్రక్కన పరిశీలకుడుండును. పటము చూచుట, రేడియోలో మాటలాడుట, వెదకిన తావులను వ్రాసికొనుట అతని విధులు. వెనుక కూర్చుండు వీక్షకునికి ఒక్కటే పని, చూచుట.

చూచుట యొక విద్య

"కన్నులున్నవారెల్ల చూడగలరు గదా, దానికి శిక్షణ యేల?" అని మీరడుగవచ్చును. మన కన్ను స్పష్టముగా చూచునది చూపు నడుమనున్న స్వల్పభాగమునే. చేయి చాచి పట్టిన బొటనవ్రేలి వెడల్పంత మాత్రమే. కన్ను కదలుచున్నంతసేపు చిన్న వస్తువులు పట్టుబడవు. కావున వీక్షకుడు చూపును కొంచెము జరిపి నిలుపవలెను, మరల జరిపి నిలుపవలెను. కూలిన విమానము విమానమువలె కనబడదు. విరిగిన చెట్ల కొనలు, క్రొత్తగా పెల్లగిలిన మన్ను, కాలిన మచ్చ, ఎండలో ఒక్క క్షణము మెరిసిన రేకు, ఇవియే గుర్తులు. గుర్తు కనబడగానే దిక్కును గడియారపు అంకెలతో చెప్పవలెను: విమానపు ముక్కు పండ్రెండు, కుడి రెక్క మూడు, తోక ఆరు, ఎడమ రెక్క తొమ్మిది. "అదిగో, అక్కడ!" అన్నచో పైలట్‌కు ఏమియు తెలియదు, అంతలోనే ఆ తావు వెనుకబడిపోవును.

నేర్పు నిలుచుటెట్లు?

అమెరికాలో పైలట్ ఇతరులను ఎక్కించుకొనవలెనన్నచో గడచిన 90 దినములలో మూడుమారులు ఎగిరి దిగియుండవలెనని చట్టము కలదు. వీక్షకునికి అట్టి చట్టము లేదు. సివిల్ ఎయిర్ పెట్రోల్‌లో అతని యోగ్యతను మూడేండ్లకొకసారి పునరుద్ధరింతురు. కాని మూడేండ్లు చెల్లు పత్రము జేబులోనున్నంత మాత్రమున కంటికి నేర్పు నిలువదు. ఇంధనము ఖరీదైనది, ఆసనములు కొన్నియే. పైలట్ తన సాధనకై ఒంటరిగా ఎగిరి వచ్చును. వీక్షకుడు నేలమీదనే నిలిచిపోవును. ఇదియే అసలు చిక్కు.

దీనికి పరిష్కారములు మూడు. మొదటిది, పైలట్ సాధనకై ఎగురు ప్రతిసారియు ఖాళీ ఆసనమున వీక్షకుని కూర్చుండబెట్టి అతనికొక పని అప్పగించుట. రెండవది, నేలమీది సాధన: నిలిపియున్న విమానములో కూర్చుండి రేడియో మాటలు వల్లించుట, పటముపై సమాంతర రేఖలు గీసి వెదకు మార్గమును నిర్ణయించుట, పైనుండి తీసిన ఛాయాచిత్రములలో గుర్తులు పట్టుట. మూడవది, నేలపై ఒక గుర్తును దాచియుంచి వెదకించి, దిగిన పిదప ఏది కనబడెనో ఏది తప్పిపోయెనో అందరును కూర్చుండి విచారించుట. తప్పిపోయినదానిని దాచక చెప్పువాడే మరునాడు బాగుగా చూచును.

మన యూరి ఉదాహరణము

మన బాబుపేటవారికి ఇది దూరపు కథ కాదు. చంద్రపూర్ బొగ్గుగనుల ప్రాంతము. గనులలో రక్షణ శిక్షణ పొందినవారు నిత్యము తమ తమ పనులు చేసికొనుచుందురు. ప్రమాదము జరిగిననాడు శ్వాస పరికరమును ధరించి లోనికి దిగుదురు. 1985 నాటి గనుల రక్షణ నియమములు వారికి మరల మరల అభ్యాసము విధించినవి. పొగనిండిన సొరంగములో పట్టీ ఎచ్చట బిగింపవలెనో ఆలోచించుటకు వ్యవధి యుండదు, చేతికే తెలిసియుండవలెను.

తలిదండ్రులకు ఒక్క మాట. వీధిలో మరాఠీ, బజారులో హిందీ వినబడు ఈ యూర మన పిల్లల తెలుగును ఇట్టిదే. పదవ తరగతి పత్రము దానిని నిలుపజాలదు. దినమునకొక పుట చదివించుడు; ఊరిలోని తాతకు నెలకొక ఉత్తరము వ్రాయించుడు. అవసరమైననాడు వెదకికొనక యే మాట నోటికి రావలెను.

అభ్యాసము

1. పాఠశాల మైదానము నడుమ నిలిచి, నీ ముందు దిక్కును పండ్రెండుగా నెంచి, చుట్టునున్న ఐదు వస్తువుల దిక్కులను గడియారపు అంకెలతో చెప్పుము.

2. ఒక మిత్రుడు మైదానమున పది చిన్న వస్తువులు పడవేయగా, నడువక నిలిచియే ఎన్నింటిని కనుగొందువో లెక్కింపుము. వారము దినములు సాధన చేసి మరల లెక్కింపుము.

3. వీక్షకునికంటె పైలట్‌కు సాధన సులభముగా దొరకుటకు కారణమేమి? ఐదు వాక్యములలో వ్రాయుము.